ఫ్లోరైడ్ నేలలో ఆర్వో: ఏం తీస్తుంది, ఎక్కడ వదులుతుంది

నీటి శుద్ధి మీద ఏ దేశంలో రాసిన పుస్తకం తెరిచినా, ఫ్లోరైడ్ అధ్యాయంలో నల్గొండ పేరు కనిపిస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ ‘నీరి’ అని పిలిచే సంస్థ, 1970లలో ఫ్లోరైడ్ తీసే ఒక విధానాన్ని రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పాలి. తెట్టు కట్టి అడుగుకు దిగాక పైతేట నీటిని వడకట్టుకోవాలి. టాంజానియా, ఇథియోపియా పల్లెల్లో కూడా దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అనే అంటారు.

పేరు ఖండాలు దాటింది గానీ సొంత జిల్లాలో ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. నీటిని బట్టి పటిక మోతాదు మార్చుకోవాలి. ఎక్కువైతే రుచి చెడుతుంది, అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. అడుగున చేరిన బురదను ఎక్కడ పారబోయాలన్నది రోజూ ఎదురయ్యే చిక్కు. ఆ తర్వాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు కొంతకాలం బాగానే పనిచేశాయి. అయితే వాటిలోని గుళికలు ఫ్లోరైడ్‌తో నిండిపోగానే క్షారంతో, ఆమ్లంతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. ఆ పని చేసే మనిషి దొరకని ఊళ్లలో అవి మూలన పడ్డాయి. చివరికి ఊరూరా పాతుకుపోయింది ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) ప్లాంటే. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏ ఊళ్లో అడిగినా ‘ఫిల్టర్ నీళ్లు’ ఎక్కడ దొరుకుతాయో చిన్నపిల్లలు సైతం చెప్తారు. ఇరవై లీటర్ల క్యాన్లు బండి వెనక కట్టుకుని తెచ్చుకోవడం పొద్దుటి పనుల్లో ఒకటైపోయింది.

ఫిల్టర్ నీళ్లు తాగితే మంచిదన్న నమ్మకంలో చాలా వరకు నిజముంది. కాకపోతే ఆ యంత్రం చేసే పని ఏమిటో సరిగా తెలియకపోవడం వల్ల ఈ ప్రాంతానికి అందాల్సిన మేలు పూర్తిగా అందడం లేదు. ఆర్వో ఫ్లోరైడ్‌ను నాశనం చేయదు. ఒక నీటిని రెండుగా విడదీస్తుంది. ఒక గొట్టంలో తేలికైన నీరు, ఇంకో గొట్టంలో ముందుకన్నా చిక్కబడిన నీరు. దాని లాభమైనా నష్టమైనా ఈ విడదీతలోనే ఉంది.

రాయిలో పుట్టిన విషం

నల్గొండ, పాలమూరు ప్రాంతాల కింద పరుచుకుని ఉన్నది ఎక్కువగా గ్రానైటు శిల. అందులోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఏళ్ల తరబడి ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి కరిగినది పలచబడే అవకాశమూ తక్కువ. ఊటబావులు ఎండిపోయి బోర్లు వందల అడుగుల లోతుకు దిగేకొద్దీ, రాతితో ఎక్కువ కాలం కలిసున్న నీరు బిందెల్లోకి వచ్చింది.

ఇందులో జనాన్ని బాగా మోసం చేసే విషయం ఒకటుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి అడుగుకు దిగుతుంది. కాల్షియం తక్కువై, సోడియం, బైకార్బనేటు ఎక్కువైన నీటిలో అది హాయిగా కరిగే ఉంటుంది. అంటే పప్పు ఉడకని, సబ్బు నురగ రాని చౌట నీటికన్నా, నోటికి బాగానే అనిపించే నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. బట్టతో వడకడితే పోదు. మరిగిస్తే పోకపోగా, నీరు ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. అది దాటిన నీరు తాగిన పిల్లలకు వచ్చే పళ్ల మీద తెల్లటి, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు తాగితే ఎముకల్లో పేరుకుని కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది, మోకాళ్లు వంకర తిరుగుతాయి. శరీరంలో మిగిలిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఒకసారి వంగిన ఎముకను ఏ మందూ మళ్లీ నిటారు చేయదు. అందుకే ఈ సమస్యలో వైద్యం కన్నా నీరే ముందు.

ఊటను వెనక్కి తిప్పడం

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి జాడీలో ఊట దిగుతుంది. ముక్కలోని కణాల పొర నీటిని దాటనిస్తుంది, బయటి ఉప్పును అంత సులువుగా లోపలికి రానివ్వదు. కాబట్టి ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే నడుస్తుంది. దీన్నే ఆస్మాసిస్ అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ ఆంత్వాన్ నొల్లే 1748లోనే దీన్ని గమనించి రాశాడు.

ఈ నడకను ఆపడానికి ఉప్పు నీటి వైపు కొంత ఒత్తిడి పెట్టాలి. అంతకన్నా ఎక్కువ పెడితే నీరు వెనక్కి తిరుగుతుంది. ఉప్పున్న వైపు నుంచి నీరు మాత్రమే పొర దాటి ఇవతలికి వస్తుంది, లవణాలు అవతలే ఉండిపోతాయి. రివర్స్ ఆస్మాసిస్ అంటే ఇంతే. ఎంత ఒత్తిడి కావాలన్నది నీటిలో ఎంత కరిగి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఉప్పున్న నీటికి ఎదురొత్తిడి సుమారు ముప్పావు బారు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). బోరు నీటికి అది చిన్న లెక్కే, కాబట్టి వంటింటి యంత్రంలోని చిన్న పంపు 4 నుంచి 7 బార్లతో పని నడిపిస్తుంది. ఊరి ప్లాంటులో పంపు 10 బార్లు, ఆ పైన ఇస్తుంది. సముద్రపు నీటి ఎదురొత్తిడే 25 బార్లు దాటుతుంది కాబట్టి అక్కడ 55 నుంచి 70 బార్ల దాకా కావాలి. కడలి నీటిని తియ్యగా మార్చడానికి అయ్యే కరెంటు ఖర్చులో ఎక్కువ భాగం అక్కడే.

సూత్రం పాతదే అయినా, పనికొచ్చే పొర దొరకడానికి రెండు శతాబ్దాలు పట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో సెల్యులోజ్ అసిటేట్‌తో అలాంటి పొర తయారుచేశారు. ముఖభాగం అతి పలచగా, దాని వెనక భాగం బోలుగా ఉండేలా చేయడం వాళ్ల ఘనత. పలచన కాబట్టి నీరు వేగంగా దాటుతుంది, వెనక ఆసరా ఉంది కాబట్టి ఒత్తిడికి చిరగదు. 1965లో కాలిఫోర్నియాలోనే కోలింగా అనే ఊళ్లో, అక్కడి ఉప్పదనపు భూగర్భ జలాన్ని తాగునీరుగా మార్చడానికి దాన్ని మొదటిసారి ఊరి స్థాయిలో వాడారు. ఆ ఊరి అవస్థ మన మునుగోడు ప్రాంతపు వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. 1970ల చివర జాన్ కాడొట్ చేసిన పాలీఅమైడ్ పొర వచ్చాక ఆర్వో చౌకబడింది. ఈ రోజు నల్గొండ ప్లాంట్లలో తిరిగేది ఆ జాతి పొరే. అసలు పని చేసే పాలీఅమైడ్ మందం మైక్రానులో ఐదో వంతు కూడా ఉండదు. దాని కింద పాలీసల్ఫోన్, ఆ కింద పాలిస్టరు గుడ్డ, రెండూ ఆసరా కోసమే.

ఆర్వోను చాలామంది అతి సన్నని జల్లెడ అనుకుంటారు. ఫ్లోరైడ్ విషయంలో ఆ ఊహ సరిపోదు. ఫ్లోరైడ్ అయాన్ చాలా చిన్నది, పరిమాణం ఒక్కటే లెక్కయితే దాన్ని ఆపడం కష్టం. కానీ అది నీటిలో ఒంటరిగా ఉండదు. చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది. పొరలోకి చొరబడాలంటే ఆ నీటిని వదులుకోవాలి, అందుకు చాలా శక్తి కావాలి. పైగా పాలీఅమైడ్ ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది, ఫ్లోరైడ్‌దీ రుణావేశమే, కాబట్టి పొర దాన్ని తోసేస్తుంది. మంచి స్థితిలో ఉన్న పొర ఫ్లోరైడ్‌లో 90 శాతానికి పైగా ఆపగలుగుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీరు ఇటువైపు 0.2, 0.3కు దిగడం మామూలే.

గేటు లోపల

ఊరి ప్లాంటు గదిలోకి వెళ్తే మొదట కనిపించేవి రెండు పొడవాటి ఫైబరు సిలిండర్లు. ఒకదానిలో ఇసుక, గులకరాళ్లు, రెండోదానిలో కార్బన్. మట్టిని ఇసుక పడుతుంది. క్లోరిన్‌ను, వాసనను కార్బన్ తీసేస్తుంది. క్లోరిన్ తీయడం రుచి కోసమే అనుకుంటారు గానీ, క్లోరిన్ తగిలితే పాలీఅమైడ్ పొర పాడైపోతుంది. పక్కనే చిన్న డబ్బా నుంచి ఒక మందు చుక్కలు చుక్కలుగా పైపులో పడుతుంది, అది యాంటీస్కేలెంట్. లవణాలు చిక్కబడే చోట కాల్షియం కార్బనేటు, కాల్షియం ఫ్లోరైడ్ పొర మీద పెచ్చు కట్టకుండా చూడటం దాని పని. తర్వాత తెల్లటి దారం చుట్టినట్టుండే కాట్రిడ్జి. కొత్తగా పెట్టినప్పుడు తెల్లగా ఉండి, కొన్నాళ్లకు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. అది ఎర్రబడినా మార్చని ప్లాంటులో ముందున్న పొరల గతి ఏమిటో ఊహించుకోవచ్చు. ఆపై పెద్ద పంపు, దాని తర్వాత అడ్డంగా పడుకోబెట్టిన గొట్టాల్లో చుట్ట చుట్టిన పొరలు.

పంపు పక్కన ప్యానెల్ మీద నిలువుగా బిగించిన రెండు పారదర్శక గొట్టాలుంటాయి. వాటిలో చిన్న బిళ్లలు నీటి వేగాన్ని బట్టి పైకీ కిందకీ ఆడుతుంటాయి. ఒకటి మంచి నీటి ప్రవాహం, రెండోది వదిలేసే నీటి ప్రవాహం. మొత్తం ప్లాంటు ఆరోగ్యం ఆ రెండు బిళ్లల్లో ఉంది. మంచి నీటి బిళ్ల రోజురోజుకూ కిందికి జారుతుంటే పొర పూడుకుపోతున్నట్టు. ఒత్తిడి పెంచకుండానే అది హఠాత్తుగా పైకి లేచి, ఆ నీటిలో లవణం కూడా పెరిగితే పొర ఎక్కడో తెగినట్టు. ఎక్కువ క్యాన్లు నింపాలన్న ఆశతో వదిలేసే నీటి వాల్వును బాగా బిగిస్తే మొదట్లో లాభంగానే ఉంటుంది. కొన్ని నెలల్లో పెచ్చు కట్టి పొరలు దెబ్బతింటాయి. నీటిలో కొంత భాగాన్ని పొర మీదుగా పారిస్తూ, లవణాలను కడిగేస్తూ ఉండాల్సిందే. ఆ పారే నీరు వృథా కాదు, ఆ యంత్రం బతకడానికి కట్టే మూల్యం.

చివర అతినీలలోహిత దీపం గానీ ఓజోన్ గానీ ఉంటుంది. ఆర్వో పొర క్రిములను బాగానే ఆపుతుంది. అయితే ఇటువైపు వచ్చిన నీటిలో క్లోరిన్ చుక్క కూడా మిగలదు. ట్యాంకులో, క్యాన్‌లో మళ్లీ క్రిములు చేరితే అడ్డుకునేది ఏదీ లేదు. లోపల పచ్చటి పాకర కనిపిస్తున్న క్యాన్‌లో ఎంత మంచి ఆర్వో నీరు పట్టినా ప్రయోజనం సగమే. మూత తీసి వెలుతురులో చూస్తే పాకర తెలిసిపోతుంది. క్యాన్‌ను ఇసుకతో రుద్దకూడదు, గీతలు పడి పాకర అక్కడే పట్టుకుంటుంది.

మీటరు చూడలేనిది

ఆర్వో వల్ల కలిగే మేలు నీటిలో ఏముందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఫ్లోరైడ్, నైట్రేటు, ఉప్పదనం, కాఠిన్యం, ఇవి కరిగి ఉండే పదార్థాలు. వీటిని ఇంటి స్థాయిలో ఒకే దెబ్బతో తీయగల పద్ధతి ఆర్వోను మించి మరొకటి సులువుగా దొరకదు. ఎరువుల వాడకం వల్ల, పశువుల కొట్టాల పక్కనున్న బోర్లలోనూ నైట్రేటు పెరుగుతుంది. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, దాటితే సీసాపాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. నీటిలో క్రిములు మాత్రమే సమస్యయితే క్లోరిన్, మరిగించడం, అతినీలలోహిత దీపం చాలు. అక్కడ ఆర్వో పెట్టడం డబ్బుకూ నీటికీ దండుగ.

అయితే నీటిలో ఏముందో ఎలా తెలుస్తుంది? జేబులో పట్టే టీడీఎస్ మీటరు చాలామంది దగ్గరుంది. అది కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా ప్రవహిస్తుందన్నది మాత్రమే, దాన్నే లెక్క కట్టి మొత్తం లవణాల అంకెగా చూపిస్తుంది. టీడీఎస్‌కు ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 2000. 400 చూపిస్తున్న నీటిలో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు, 900 చూపిస్తున్న నీటిలో 0.5 ఉండొచ్చు. మీటరుకు ఆ తేడా తెలియదు. క్రిములు దానికి అసలే కనిపించవు. ఫ్లోరైడ్‌కు వేరే పరీక్ష ఉంది. కిట్లలో దొరికే జిర్కోనియం రసాయనం ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు నుంచి పసుపుకు మారుతుంది. ఖచ్చితమైన అంకె కావాలంటే ప్రభుత్వ నీటి పరీక్షా ప్రయోగశాలకు సీసా పంపాలి. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఏ ఫిల్టరు కొనాలన్నా మొదటి అడుగు ఈ పరీక్షే కావాలి, అమ్మకపు మనిషి జేబులోని మీటరు కాదు.

ఇంటింటికీ తిరిగి చూపించే ఒక ప్రదర్శన గురించి కూడా చెప్పాలి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. బోరు నీళ్లు క్షణాల్లో గోధుమ రంగు బురదలా మారతాయి, ఆర్వో నీళ్లు తేటగానే ఉంటాయి. చూసిన తల్లి గుండె ఝల్లుమంటుంది. ఆ గోధుమ రంగు నీటిలో ఉన్న మురికి కాదు. కడ్డీలోని ఇనుమే కరెంటుకు కరిగి వచ్చింది. ఆర్వో నీటిలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఆర్వో నీటిలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెడితే అదీ బురద రంగుకే తిరుగుతుంది. నిజంగా ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో జనాన్ని ఇలా భయపెట్టి అమ్మాల్సిన అవసరమే లేదు, నిజం చెప్పినా చాలు.

ఇంటి యంత్రాల్లో ఇంకో చిక్కుంది. ఆర్వో నీరు చప్పగా ఉంటుందని చాలా వాటిలో టీడీఎస్ కంట్రోలరు అనే చిన్న వాల్వు పెడతారు. అది కొంత బోరు నీటిని పొర గుండా పంపకుండా పక్కదారిలో తెచ్చి మంచి నీటిలో కలుపుతుంది. మంచి నది నీరున్న పట్నంలో దీంతో నష్టం లేదు. ఫ్లోరైడ్ 4 ఉన్న ఊళ్లో లెక్క వేరు. పొర దాటిన నీటిలో 0.2 ఉందనుకుందాం. వాల్వు నాలుగో వంతు బోరు నీరు కలిపితే గ్లాసులో ఫ్లోరైడ్ 1.15కు చేరుతుంది, ఐదింట రెండు వంతులు కలిపితే 1.7 దాటుతుంది. డబ్బు పోసి కొన్న యంత్రమే తీసిన విషాన్ని మళ్లీ కలుపుతుందన్నమాట. మర్రిగూడ, చండూరు వైపు ఇంట్లో ఆర్వో పెట్టించుకునేవాళ్లు ఆ వాల్వును పూర్తిగా మూయించాలి.

తాగేది క్యాన్ నీళ్లు, వండేది బోరు నీళ్లు

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవాల్సింది, తక్కువగా పట్టించుకుంటున్నది ఈ విషయాన్నే. క్యాన్ నీళ్లు డబ్బు పెట్టి తెచ్చుకున్నవి, మోసుకొచ్చినవి, కాబట్టి పొదుపుగా తాగడానికే వాడతారు. అన్నం, పప్పు, చారు, చాయ్, గటక అన్నీ బోరు నీళ్లతోనే. పెద్ద మనిషి రోజుకు 3 లీటర్లు తాగుతాడనుకుందాం. నీటిలో ఫ్లోరైడ్ సరిగ్గా హద్దు మీద, 1.5 ఉంటే ఆ మనిషికి చేరేది రోజుకు 4.5 మిల్లీగ్రాములు. ఇప్పుడు తాగేది ఆర్వో నీళ్లు, వంటకు మాత్రం 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు అనుకుందాం. మనిషికి లీటరు చొప్పున వంటలో ఇంకినా 4 మిల్లీగ్రాములు ఒక్క కంచం ద్వారానే లోపలికి పోతుంది. తాగే నీళ్ల కోసం పడ్డ శ్రమంతా వంట దగ్గర చాలా వరకు వృథా అవుతుంది. అత్తెసరు పెట్టే ఇంట్లో నీరంతా మెతుకులోకే పోతుంది. గంజి వార్చే ఇంట్లో కొంత బయటికి పోతుంది గానీ, ఆ గంజి తాగేవాళ్లూ ఉంటారు. ఇంటికి రోజూ ఇంకో క్యాన్ ఎక్కువ తెచ్చుకుని వంటకూ అవే వాడటం, కొత్త యంత్రం కొనడం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే నీటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఆర్వో నీటిలో ఖనిజాలు ఉండవన్న మాటను కొందరు అతిగా భయపెట్టడానికి, ఇంకొందరు పూర్తిగా కొట్టిపారేయడానికి వాడతారు. నిజం మధ్యలో ఉంది. పొర ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియంలను కూడా తీసేస్తుంది, దానికి మంచీ చెడూ తెలియదు. కార్బన్ డయాక్సైడు మాత్రం పొర దాటిపోతుంది కాబట్టి ఆర్వో నీరు కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. ఖనిజాలు బొత్తిగా లేని నీటిని దీర్ఘకాలం తాగడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ప్రచురించిన సంకలనంలో ఒక అధ్యాయం చర్చించింది. నల్గొండలో ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. తిండిలో కాల్షియం తక్కువగా ఉన్నవాళ్ల ఎముకలను ఫ్లోరైడ్ ఎక్కువగా దెబ్బతీస్తుంది. జొన్న ప్రధాన తిండిగా ఉన్న ఈ ప్రాంతపు పేదల్లో మోకాళ్లు వంకరపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే అంతర్జాతీయ పత్రికలో నమోదు చేశారు. చింతపండు తిన్నవాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని అదే సంస్థ తర్వాత చూపింది. కాబట్టి ఇక్కడ ఆర్వో నీరు మానేయడం పరిష్కారం కాదు. నీటితో పోయిన కాల్షియం పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి రావాలి. నీటి నుంచి వచ్చే కాల్షియం ఎప్పుడూ కొద్దిదే. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు గ్లాసుడు పాలు అందించకుండా క్యాన్ నీళ్లు మాత్రమే అందిస్తే పని సగంలో ఆగినట్టే.

కృష్ణ వచ్చిన తర్వాత

నాగార్జునసాగర్ కాలువలు 1967 నుంచి పారుతున్నా, మిట్ట మీదున్న మునుగోడు, దేవరకొండ పల్లెలకు ఆ నీరు ఎక్కలేదు. ఆ బాధ ఎంతటిదో 1996లో దేశమంతా చూసింది. నల్గొండ లోక్‌సభ స్థానానికి నీటి సమస్యను చాటడానికి వందలాది మంది పోటీకి దిగడంతో మొత్తం అభ్యర్థులు 480 మందయ్యారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడంతో పోలింగు వాయిదా పడింది. మిషన్ భగీరథ పైలాన్‌కు 2015లో చౌటుప్పల్‌ను ఎంచుకోవడం వెనకా ఆ చరిత్రే ఉంది. శుద్ధి చేసిన కృష్ణా నీరు ఇంటి నల్లాకు వచ్చిన చోట ఫ్లోరైడ్ సమస్యకు అసలైన పరిష్కారం అదే. నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ, కాల్షియం ఉంటుంది, క్లోరిన్ కలిపి ఉంటుంది కాబట్టి బిందెలోనూ భద్రం.

అయినా చాలా ఇళ్లలో నల్లా నీరు బట్టలకు, క్యాన్ నీరు గొంతుకు అన్నట్టు సాగుతోంది. బ్లీచింగ్ వాసన వస్తుందని, ఆర్వో చప్పదనానికి నాలుక అలవాటు పడిందని కారణాలు చెప్తారు. వాసన వచ్చే నీటిని మూత లేని బిందెలో కొన్ని గంటలుంచితే వాసన చాలా వరకు పోతుంది. నల్లా సరిగా రాని రోజుల్లో, పైపు పగిలిన రోజుల్లో జనం మళ్లీ బోరు మీదే ఆధారపడతారు, అప్పుడు ప్లాంటు నిజంగా ఆదుకుంటుంది. నది నీరు నిలకడగా వచ్చే ఇంటికి మాత్రం ఆర్వో అవసరం లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో టీడీఎస్ 500 లోపున్న చోట ఇంటి ఆర్వోలు వద్దని, మిగతా చోట్ల కూడా నీటిలో 60 శాతానికి పైగా తిరిగి దక్కించుకోవాలని చెప్పింది. ఆ ఆదేశం కోర్టుల్లో నలిగింది గానీ, అందులోని ఆలోచన సరైనదే. టీడీఎస్ తక్కువైనా ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లకు ఆ గీత సరిపోదన్నది మాత్రం ఇక్కడి నుంచి బలంగా వినిపించాల్సిన మాట.

రెండో గొట్టం

ఇంటి యంత్రం ఒక లీటరు మంచి నీటికి సుమారు మూడు లీటర్లు వదిలేస్తుంది. ఊరి ప్లాంటు సగానికి సగం. లెక్క ఇలా ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 100 లీటర్ల బోరు నీటిలో మొత్తం 400 మిల్లీగ్రాములు. ఇటు వచ్చిన 50 లీటర్ల మంచి నీటిలో 10. అటు పోయిన 50 లీటర్లలో 390, అంటే లీటరుకు 7.8. రోజుకు 400 క్యాన్లు నింపే ప్లాంటయితే రోజూ 62 గ్రాములకు పైగా, ఏడాదికి 22 కిలోలకు పైగా ఫ్లోరైడ్ ఆ రెండో గొట్టం గుండా బయటికి వస్తుంది.

చాలా ఊళ్లలో ఆ గొట్టం చివర ప్లాంటు వెనక గోడ దగ్గర మోరీలోనో, గుంటలోనో ఆగుతుంది. గుంటలోంచి పశువులు తాగుతాయి. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, పశువులకూ వస్తుంది. పళ్లు అరిగి మేత నమలలేవు, కాళ్లు బిగుసుకుని కుంటుతాయి. నీటిని ఆదా చేస్తున్నామనుకుని ఆ గొట్టాన్ని ఎండిన బోరులోకో, ఇంకుడు గుంటలోకో మళ్లించడం అన్నిటికన్నా ప్రమాదం. వాన నీరు ఇంకితే భూగర్భ జలం పలచబడుతుంది, చెరువు నిండినప్పుడు కింది బావుల్లో ఫ్లోరైడ్ తగ్గేది అందుకే. ఆర్వో వదిలిన నీరు ఇంకితే అదే రాతి పగుళ్లలోకి రెట్టింపు చిక్కదనంతో తిరిగి చేరుతుంది, పక్కింటి బోరులో తేలుతుంది. చెలకకు ఏళ్ల తరబడి పారిస్తే అందులోని సోడియం మట్టిని బిగదీస్తుంది.

వాడుకోవడానికి దారులున్నాయి. మరుగుదొడ్లకు, బండ కడగడానికి, ట్రాక్టర్లు, ఆటోలు కడగడానికి ఆ నీరు బాగానే పనికొస్తుంది. ఇంటి యంత్రం గొట్టం కింద బకెట్ పెట్టుకుంటే ఇల్లు తుడవడానికి వేరే నీళ్లు అక్కర్లేదు. ఊరి ప్లాంటుకు మాత్రం ముందే ఏర్పాటు ఉండాలి. బడి, బస్టాండు మరుగుదొడ్ల పై ట్యాంకుకు ప్రత్యేకంగా ఒక పైపు వేసి, దాని మీద తాగరాదని రాసి, రంగు మార్చి, ఏ నల్లాకూ కలవకుండా చూడాలి. మరుగుదొడ్డి గుంట నుంచి కూడా నీరు నేలలోకే దిగుతుంది కాబట్టి తాగునీటి బోరుకు అది దూరంగా ఉండాలి. మిగిలిన నీటికి అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన లోతు తక్కువైన మడి ఒకటి చాలు. నల్గొండ ఎండకు నీరు ఎగిరిపోయి ఉప్పు మిగులుతుంది, దాన్ని ఊడ్చి పక్కకు తీయవచ్చు. మడికి కంచె ఉండాలి, వానాకాలంలో పొంగకుండా గట్టు ఎత్తుగా ఉండాలి. ప్లాంటుకు స్థలం ఇచ్చేటప్పుడు, కరెంటు కనెక్షన్ ఇచ్చేటప్పుడు పంచాయతీ రెండో గొట్టం ఎక్కడికి పోతుందో కాగితం మీద రాయించుకోవచ్చు. ఆరు నెలలకోసారి రెండు సీసాలు, ఒకటి మంచి నీటిది, ఒకటి వదిలిన నీటిది, ప్రయోగశాలకు పంపించి ఫ్లోరైడ్ అంకెలను ప్లాంటు గోడ మీద సున్నంతో రాయించవచ్చు.